‘లైను బిజీ’ అంటే ఏ లైను?

ఫోను సంగతులు: పాఠకుల ప్రశ్నలకు ఒక పాత టెలిఫోన్ మెకానిక్ జవాబులు

కిందటిసారి ఇంటర్‌కమ్ గురించి రాస్తూ చివర్లో వాయిస్ గేట్‌వే అనే మాట ఒకటి జారవిడిచాను. ఇక చూడండి, వచ్చిన ఉత్తరాలన్నీ దాని మీదే. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క చెప్పి మొదలుపెడతాను. ఇప్పుడు ఆఫీసుల్లో లోపలి ఫోన్లు కంప్యూటర్ నెట్‌వర్కు మీద నడుస్తున్నాయి. బయట టెలిఫోన్ కంపెనీ ఇచ్చే లైను వేరే రకం. ఈ రెంటికీ మధ్య కూర్చుని ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మార్చి అందించే రౌటర్‌నే వాయిస్ గేట్‌వే అంటారు. ఒకప్పటి దుబాసీ పనే అది.

ప్రశ్న: నెల్లూరు పొగతోటలో ఒక ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసుకుంటాను. 30 ఛానెళ్ల పీఆర్ఐ లైను ఒకటి సిస్కో కంపెనీ గేట్‌వే రౌటర్‌కి వస్తుంది. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా టోకెన్ల కోసం చేసేవాళ్లకు ఎంగేజ్ టోన్ వస్తోందని రోజూ గొడవ. ఇంకో పీఆర్ఐ తీసుకుందామంటున్నారు మా మేనేజర్‌గారు. బిల్లు మామూలుగానే ఉంది. ఒకరోజు పదింటికి రౌటర్‌లోకి వెళ్లి చూస్తే 11 కాల్సే ఉన్నాయి. ఎన్ని లైన్లు వాడుతున్నామో రోజంతా కనిపెట్టడం ఎట్లా సార్?
– పేరు వద్దన్న పాఠకుడు, నెల్లూరు

జవాబు: ముందు ఆ బిల్లును పక్కన పెట్టండి. మీకు వచ్చే కాల్స్‌కి బిల్లే పడదు, టోకెన్ కోసం చేసేవాళ్లంతా బయటివాళ్లే కదా. మీరు చేసిన కాల్స్‌కైనా అది నెల మొత్తం చెబుతుంది గాని ఒకే సమయంలో ఎంతమంది మాట్లాడారో చెప్పదు. నెలలో ఎన్ని టిక్కెట్లు తెగాయో చూసి, పొద్దున ఎనిమిదిన్నర కావలి బస్సులో సీటు దొరుకుతుందో లేదో చెప్పగలమా? మనకు కావలసింది ఆ ఎనిమిదిన్నర బస్సు లెక్క.

పీఆర్ఐ అంటే ఒకేసారి చాలా కాల్స్ మోసే డిజిటల్ లైను. దాని లోపల ఏముందో చూద్దాం. మన దేశంలో ఇచ్చేది ఈ-వన్. సెకనుకి 2,048 కిలోబిట్ల పైపు అది. అందులో 64 కిలోబిట్ల గదులు 32 ఉంటాయి. ఒక గది రెండు వైపులా లయ తప్పకుండా చూడడానికి. ఇంకో గది ‘ఎవరు ఎవరికి చేస్తున్నారు, ఎత్తారా, పెట్టేశారా’ అనే కబుర్లకి. దాని పేరు డీ ఛానెల్. మిగతా 30 గదులూ మాటలకి. ఆ కబుర్ల గదిని లోకమంతా 16 అంటుంటే, సిస్కో మాత్రం ఒకటో గదిని సున్నా అనుకుని లెక్కపెట్టి 15 అంటుంది. మొదటిసారి ఈ పెట్టె ముందు కూర్చున్నప్పుడు 16 ఎక్కడ పోయిందా అని ఒక పూటంతా వెతికాను.

ఇప్పటికిప్పుడు చూసుకోవాలంటే ‘షో ఐఎస్‌డీఎన్ స్టేటస్’ కొట్టండి. రెండో లేయర్ దగ్గర ‘మల్టిపుల్ ఫ్రేమ్ ఎస్టాబ్లిష్డ్’ అని ఉంటే లైను ప్రాణంతో ఉన్నట్టు. ‘షో కాల్ యాక్టివ్ వాయిస్ బ్రీఫ్’ కొడితే నడుస్తున్న కాల్స్ వరసగా వస్తాయి. ఇక్కడొక తిరకాసు ఉంది. గేట్‌వే దృష్టిలో ఒక్కో కాల్‌కి రెండు కాళ్లు: బయటి లైను వైపు ఒకటి, లోపలి నెట్‌వర్కు వైపు ఒకటి. కాల్ లెగ్స్ 22 అని చూసి 22 లైన్లు నిండాయని కంగారు పడినవాళ్లు నాకు తెలుసు. అవి 11 లైన్లే. ‘షో ఐఎస్‌డీఎన్ సర్వీస్’ కూడా ఒకసారి తప్పకుండా చూడండి. 30 ఛానెళ్లలో ఏవైనా సర్వీసులో లేకుండా పడి ఉంటే అదే బయటపెడుతుంది. 30కి డబ్బు కడుతూ 26తో కాపురం చేస్తున్న ఆఫీసును నేను చూశాను, వాళ్లకు ఆ సంగతే తెలియదు.

అయితే మీరు చూసిన 11 పదింటి ఫొటో. తొమ్మిదింపావుకి ఏముందో అది చెప్పదు. నిమిషానికోసారి తొంగిచూసి రాసిపెట్టే మనిషి కావాలి. మా రోజుల్లో ఆ మనిషిని నేనే. 1980ల్లో శాఖలో చేరిన కొత్తల్లో, రద్దీ గంటలో ర్యాకుల ముందు స్టూలు వేసుకుని, ఎన్ని ట్రంకులు (ఎక్స్ఛేంజీల మధ్య లైన్లు) పట్టుబడి ఉన్నాయో చూసి కాగితం మీద గీతలు గీసేవాణ్ణి. నాలుగు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. కాఫీకి వెళ్లొచ్చిన ఐదు నిమిషాల లెక్క మాత్రం అంచనా మీదే రాసేవాణ్ణి, ఇప్పుడు ఒప్పుకుంటే పోయేదేముంది.

ఈ కాలంలో ఆ స్టూలు మీద ఎస్‌ఎన్‌ఎంపీని కూర్చోబెడతారు. రౌటర్‌ని దూరం నుంచి ‘నీ దగ్గర ఫలానా అంకె ఇప్పుడు ఎంత?’ అని అడిగే పద్ధతి అది. ఏ అంకెను ఏ పేరుతో అడగాలో చెప్పే జాబితాను మిబ్ అంటారు. సిస్కోలో మీకు కావలసింది పాప్ మేనేజ్‌మెంట్ మిబ్. అందులో ‘సీపీఎం యాక్టివ్ డీఎస్‌జీరోస్’ అనే అంకె, ఈ క్షణాన ఎన్ని ఛానెళ్లు వాడుకలో ఉన్నాయో చెబుతుంది. డీఎస్‌జీరో అంటే పైన చెప్పుకున్న 64 కిలోబిట్ల గదే. గ్రాఫ్ గీయడానికి ఎంఆర్‌టీజీ చాలు. 1995 నుంచీ ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్, టోబియాస్ ఓటికర్ అనే ఆయన రాశాడు. కాక్టై అనే ఇట్లాంటి సాఫ్ట్‌వేరే అలవాటుంటే అదైనా సరే. ఎస్‌ఎన్‌ఎంపీ తలుపు తెరిచేటప్పుడు ‘పబ్లిక్’ అనే మాటనే పాస్‌వర్డుగా వదిలేయకండి. చదవడానికి మాత్రమే అనుమతి ఇచ్చి, మీ మానిటరింగ్ కంప్యూటర్ ఒక్కదాన్నే రానివ్వండి.

నేను చేసిన పొరపాట్లు రెండు చెబుతాను, మీరు మళ్లీ చేయక్కర్లేదు. ఎంఆర్‌టీజీ పుట్టింది నెట్ ట్రాఫిక్ కొలవడానికి. దానికి ఏ అంకె ఇచ్చినా కరెంటు మీటర్ అనుకుంటుంది. పాత రీడింగ్ తీసేసి, మిగిలినదాన్ని సెకన్లతో భాగిస్తుంది. లైన్ల సంఖ్య అట్లాంటిది కాదు, పెరుగుతుంది, తగ్గుతుంది. అందుకని సెట్టింగులో ‘గేజ్’ అని రాయాలి. నేను రాయలేదు. రెండు రోజులపాటు గ్రాఫ్ నేలకు అంటుకుని ఉంటే, ఫోన్లు మోగుతుండగానే లైన్లు చచ్చాయేమోనని టెన్షన్ పడ్డాను. రెండోది, అది మామూలుగా ఐదు నిమిషాలకోసారి అడుగుతుంది. మీ టోకెన్ కాల్స్ రెండు మూడు నిమిషాలవి. ఆ సందులో వచ్చి, మాట్లాడి, పెట్టేసి వెళ్లిన కాల్ దాని కంట పడనే పడదు. ఆర్‌ఆర్‌డీటూల్ అనే, రీడింగులు దాచే సాఫ్ట్‌వేర్ జతచేసి నిమిషానికోసారి అడిగేటట్టు మార్చండి. అది లేకుండా ఎంఆర్‌టీజీ ఐదు నిమిషాలకన్నా తగ్గదు. ఇంకా, వారం గ్రాఫ్‌లో అరగంట సగటు, నెల గ్రాఫ్‌లో రెండు గంటల సగటు కనిపిస్తాయి. నెల గ్రాఫ్ తీసుకెళ్లి మేనేజర్‌గారికి చూపించారో, తొమ్మిదింపావు రద్దీ అంతా పది గంటల తీరికలో కలిసిపోయి చల్లగా కనిపిస్తుంది. రోజు గ్రాఫే చూపించండి.

ఆ గ్రాఫ్‌లో చూడాల్సింది ఆకారం. కొన గోపురంలాగా ఉంటే లైన్లు సరిపోతున్నట్టే, పైకి వెళ్లి తనంతట తను దిగింది. కొన తెగి మిద్దెలాగా చదునుగా, 30 దగ్గర పావుగంటో అరగంటో నిలబడిందనుకోండి, అప్పుడు లైన్లు చాలడం లేదు. 26 దగ్గర మిద్దె కడితే ఇందాక చెప్పిన చచ్చిన ఛానెళ్ల కథ.

ఇంకొక సంగతి చాలామంది మరిచిపోతారు. 30 ఛానెళ్లూ నిండాక 31వ మనిషి చేస్తే, అతనికి ఎంగేజ్ టోన్ ఇచ్చి పంపించేది బయటి ఎక్స్ఛేంజి. మీ గేట్‌వేకి ఆ మనిషి వచ్చినట్టే తెలియదు. మీ రికార్డుల్లో ఎంత వెతికినా దొరకడు. లోపల కూర్చుని లెక్కపెట్టేవాడికి, గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్లు కనిపించరు. ఆ లెక్క టెలిఫోన్ కంపెనీవాళ్ల దగ్గరే ఉంటుంది. రాతపూర్వకంగా అడగండి.

కానీ మీ 11 చూశాక నా అనుమానం వేరు. మీ పీఆర్ఐ ఖాళీగా ఉండి, రిసెప్షన్ బల్ల మీదున్న రెండు ఫోన్లు నిండి ఉండవచ్చు. బయట చేసినవాడికి రెండూ ఒకే ‘కుయ్ కుయ్’. తేడా తెలియాలంటే కాల్ రికార్డుల్లో కాల్ ఎందుకు తెగిందో చెప్పే కాజ్ కోడ్ చూడండి. 16 అంటే మామూలుగా మాట్లాడి పెట్టేశారు. 17 అంటే అవతలి ఫోను బిజీ. 34 అంటే ఛానెల్ ఖాళీ లేదు. తొమ్మిదికీ పదకొండుకీ మధ్య వచ్చిన కాల్స్‌లో 17లు కుప్పలుగా ఉంటే జబ్బు ఇంట్లోనే ఉంది. రౌటర్ తన దగ్గర కొద్ది కాల్స్‌నే కాసేపు గుర్తుంచుకుంటుంది కాబట్టి, రికార్డులు సిస్‌లాగ్ సర్వర్‌కి, అంటే వాటిని దాచే వేరే కంప్యూటర్‌కి, వెళ్లేటట్టు పెట్టుకోండి. పెట్టేముందు గడియారం సరిచేయండి. ఒకచోట నెల రికార్డులు తీసి చూస్తే అన్నీ 1993 మార్చి అని ఉన్నాయి. పాత సిస్కో పెట్టెలు టైము ఎవరూ చెప్పకపోతే అక్కణ్ణుంచే లెక్క మొదలుపెడతాయి. నెట్‌వర్కు మీద సరైన టైము తెచ్చే ఎన్‌టీపీ పెట్టి, అది మన టైము అయ్యేటట్టు ఐదున్నర గంటలు కలపండి.

ఒక సంస్థలో (ఊరు చెప్పను) ఇట్లాగే రెండో పీఆర్ఐ తీసుకున్నారు. ఎంగేజ్ టోన్ అట్లాగే ఉంది. చివరికి తేలిందేమంటే, ఫోనెత్తే ఇద్దరమ్మాయిల్లో ఒకరు తొమ్మిదిన్నరకి క్యాష్ కౌంటర్‌కి వెళ్లేవారు. మూడో మనిషిని కూర్చోబెట్టి, కాల్స్ వరసలో నిలబడేటట్టు క్యూ పెడితే గొడవ తీరింది. 60 ఛానెళ్ల అద్దె మాత్రం ఏడాదిపాటు కట్టారు.

ప్రశ్న: చీమకుర్తిలో మాకు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. నాలుగు మామూలు రాగి తీగ లైన్లు గేట్‌వేలో ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టులకు (బయటి లైను గుచ్చే సాకెట్లు) కలిపాం. వారానికి రెండుసార్లయినా ఒక లైను ఎవరూ మాట్లాడకుండానే బిజీగా ఉండిపోతుంది. రౌటర్ ఆపి వేస్తే బాగవుతుంది. కార్డు పోయిందంటారా అన్నా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: కార్డు కొనకు తమ్ముడూ, ఆగు. రాగి తీగ లైనులో పీఆర్ఐకి ఉన్నట్టు కబుర్ల గది లేదు. అవతలివాడు ఫోను పెట్టేశాడని నీ గేట్‌వేకి చెప్పేవాళ్లు ఉండరు. తీగలో వినిపించే టోన్‌ని బట్టి అదే గ్రహించుకోవాలి. మన దేశంలో బిజీ టోన్ 400 హెర్ట్‌జ్, ముప్పాతిక సెకను మోగి ముప్పాతిక సెకను ఆగుతుంది. సిస్కో పెట్టెను కొన్నది కొన్నట్టు పెడితే అది అమెరికా టోన్ల లెక్కలో ఉంటుంది. అక్కడి బిజీ టోన్ 480, 620 హెర్ట్‌జ్ రెండూ కలిపి, అర సెకను చొప్పున. అంటే నీ రౌటర్ చీమకుర్తిలో కూర్చుని అమెరికా చప్పుడు కోసం చెవి రిక్కించుకుని ఉంది. అది ఎప్పటికీ రాదు, లైనూ వదలదు.

ఆ వాయిస్ పోర్టులో ‘సీపీటోన్ ఐఎన్’ అని ఇండియా పెట్టించు. టోన్ విని లైను వదిలే సూపర్‌వైజరీ డిస్కనెక్ట్ ఆన్ చేయించు. అప్పటికీ పట్టుకోకపోతే పైన చెప్పిన 400, ముప్పాతిక లెక్కలు చేత్తో రాయించు. మీ ఎక్స్ఛేంజి బ్యాటరీ రివర్సల్ ఇస్తే ఈ బాధే లేదు. తీగలో ప్లస్సు మైనస్సు తిరగబడడం చూసి గేట్‌వే వెంటనే వదిలేస్తుంది. లైన్‌మన్‌ని అడిగి చూడు.

ఈలోగా లైను ఇరుక్కుంటే రౌటర్ మొత్తం ఆపొద్దు, మిగతా మూడు లైన్ల మీద మాట్లాడేవాళ్ల ఉసురు తగులుతుంది. ఆ ఒక్క పోర్టుకే ‘షట్‌డౌన్’, తర్వాత ‘నో షట్‌డౌన్’ చాలు. కనిపెట్టడం కూడా తేలిక. రాత్రి రెండింటికి ‘షో వాయిస్ పోర్ట్ సమ్మరీ’ తీసి చూడు. ఆ వేళప్పుడు ఆఫ్‌హుక్‌లో (ఫోను ఎత్తినట్టు) ఉన్న లైను దయ్యమే, చీమకుర్తి రాయి ఎంత పేరున్నదైనా ఆ టైములో ఫోను చేసి బేరమాడేవాడు లేడు. కాల్ రికార్డుల్లో 11 గంటలు మాట్లాడినట్టు ఉన్నా అదే దయ్యం. నెల లెక్కలు కట్టేటప్పుడు వాటిని తీసేయకపోతే, లైన్లు చాలడం లేదని ఇంకో రెండు కొంటావు.

ప్రశ్న: ఇంజినీరింగ్ చదువుతున్నాను సార్. ఎర్లాంగ్ అంటే నిర్వచనం బట్టీ పట్టాను గాని అర్థం కాలేదు.
– ఒక విద్యార్థిని, కావలి

జవాబు: ఎర్లాంగ్ ఒక మనిషి పేరమ్మా. డెన్మార్క్ గణితవేత్త, కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేశాడు. ఎన్ని లైన్లుంటే ఎంతమందికి బిజీ తగులుతుందో చెప్పే సూత్రాన్ని 1917లో అచ్చువేశాడు. ఒక లైను గంటసేపు తెరిపి లేకుండా వాడుకలో ఉంటే ఒక ఎర్లాంగ్. గంటలో 80 కాల్స్, ఒక్కోటి 3 నిమిషాలు అనుకో. 240 నిమిషాలు. 60తో భాగిస్తే 4 ఎర్లాంగ్‌లు. అయితే 4 లైన్లు చాలు కదా అని నీకు అనిపిస్తుంది. చాలవు. జనం గడియారం చూసుకుని ఒకరి తర్వాత ఒకరు ఫోను చేయరు, ఒక్కసారే పడతారు. ఆ 4 ఎర్లాంగ్‌లకి 4 లైన్లే ఉంటే 100 కాల్స్‌లో 31 వెనక్కి పోతాయి. 6 ఉంటే దాదాపు 12, 8 ఉంటే 3. 10 ఉంటే 200 కాల్స్‌కి ఒకటి. మొదట్లో రెండేసి లైన్లు ఎంత మేలు చేశాయో, చివర్లో ఎంత తక్కువ చేశాయో చూడు. పరీక్షలో ఎర్లాంగ్-బి అంటే ఇదే. బిజీ వచ్చినవాడు మళ్లీ చేయడని అందులో ఒక ఊహ ఉంది. మనవాళ్లు రీడయల్ నొక్కుతూనే ఉంటారు కాబట్టి, నిజంలో దీనికన్నా కాస్త ఎక్కువే ఇబ్బంది ఉంటుంది. సూత్రం చదివి ఊరుకోకుండా ఈ లెక్క చేత్తో ఒకసారి వేసి చూడు.

పొగతోట పాఠకులు కూడా ఇది చూసుకోవచ్చు. 30 ఛానెళ్ల మీద 3 నిమిషాల కాల్స్ గంటకి 400 వచ్చినా, వందకి ఒక్కటి కూడా వెనక్కి పోదు.

ప్రశ్న: నెల్లూరులో లాడ్జి నడుపుతున్నాను. 8 ఛానెళ్ల సిప్ ట్రంక్ ఉంది. మామూలు రోజుల్లో మూడు కూడా నిండవు. రొట్టెల పండగ వస్తే ఫోను దొరకడం లేదని తిడతారు. ఏడాది పొడుగునా ఎక్కువ ఛానెళ్లకి డబ్బు కట్టాలా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: అక్కర్లేదండీ. సిప్ ట్రంక్ అంటే ఇంటర్నెట్ మీదుగా వచ్చే ఫోను లైను, దానికి కొత్త తీగ లాగే పని లేదు. ఛానెళ్ల సంఖ్య కంపెనీవాళ్లు తమ వైపు మార్చే అంకె, పండగ వరకు పెంచి తర్వాత తగ్గిస్తారేమో ముందే మాట్లాడుకోండి. గేట్‌వేలో కూడా ‘మ్యాక్స్ కనెక్షన్’ అని ఒక పరిమితి పెట్టి ఉంటారు. అక్కడ 8 ఉంచేసి కంపెనీ దగ్గర 15కి డబ్బు కడితే ఫలితం ఉండదు. ఇంకా, పెరిగిన కాల్స్‌ని మీ ఇంటర్నెట్ లైను మోయాలి. మాటను అంకెలుగా మార్చే జీ.711 పద్ధతిలో ఒక్కో కాల్‌కి, చిరునామాల్లాంటి అదనపు సమాచారంతో కలిపి, ఒక్కో వైపు 80 నుంచి 90 కిలోబిట్లు పడుతుంది. గదుల్లో జనం వీడియోలు చూస్తుంటే మాట తెగుతుంది, వాయిస్‌కి ముందు దారి ఇప్పించండి.

పోయినేడు ఎన్ని ఛానెళ్లు నిండాయో గ్రాఫ్ చూసి నిర్ణయించుకోండి. అయితే పోయినేడు అదే నెల తీసి చూడకండి. రొట్టెల పండగ, అంటే బారాషహీద్ దర్గా పండగ, మొహర్రం నెల లెక్కన వస్తుంది, ఇంగ్లీషు క్యాలెండర్‌లో ఏటా 11 రోజులదాకా ముందే వచ్చేస్తుంది. పండగ రోజుల్ని పండగ రోజులతోనే పోల్చాలి. నాకు తెలిసిన ఒకాయన నెలను బట్టి చూసి, ‘పోయినేడు మూడు లైన్లే వాడాం’ అని ధీమాగా కూర్చున్నాడు. గదులడిగేవాళ్లంతా పక్క వీధిలో లాడ్జికి వెళ్లారు.

ప్రశ్న: ఒంగోలులో ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తే పని నాది. ‘ఇక నుంచి లైన్లన్నీ మానిటర్ చేస్తాం’ అని బోర్డు పెట్టారు. మేం మాట్లాడేదంతా వింటున్నారా సార్? మా అమ్మతో రోజూ రెండు నిమిషాలు మాట్లాడతాను, భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఈ పేజీలో ఇంతసేపూ చెప్పుకున్న మానిటరింగ్‌లో మాటలు వినడం లేదమ్మా. ఎస్‌ఎన్‌ఎంపీతో మనం అడిగింది ఎన్ని లైన్లు వాడుకలో ఉన్నాయన్న అంకె ఒక్కటే. కాల్ రికార్డుల్లో మాత్రం ఏ నంబరు నుంచి ఏ నంబరుకి, ఎన్నింటికి, ఎంతసేపు అన్నవి ఉంటాయి. అంటే మీ అమ్మగారి నంబరు, ఆ రెండు నిమిషాలు అందులో పడతాయి, మాటలు పడవు. మాటలు దాచాలంటే దానికి కాల్ రికార్డింగ్ అనే వేరే ఏర్పాటు ఉండాలి. ‘మానిటరింగ్’ అన్న ఒక్క మాటతో రెండూ కలిపేసి బోర్డు పెట్టడం నాకూ నచ్చలేదు. మీది లైన్ల లెక్కా, రికార్డింగా అని మీ సూపర్‌వైజర్‌ని సూటిగా అడగండి. లెక్కే అయితే ఆ గ్రాఫ్ ఒకసారి చూపించమనండి. మధ్యాహ్నం భోజనాల వేళ అది ఎంత కిందికి దిగుతుందో చూసుకుని, అమ్మగారితో అప్పుడు మాట్లాడండి.